దేశంలో ఏటా ఎంత మట్టి పోతోంది? మ్యాపులు చెప్పేదీ చెప్పనిదీ

మన దేశంలో నేల ఎక్కడెక్కడ పాడవుతోందో చూపే రెండు మ్యాపులు పక్కపక్కన పెట్టుకుంటే ముందు అయోమయం తప్పదు. మొదటిది ఇస్రోకు చెందిన స్పేస్ అప్లికేషన్స్ సెంటర్ 2016లో తెచ్చిన ఎడారీకరణ, భూమి క్షీణత అట్లాస్. అందులో అస్సాం మంచి మార్కులు తెచ్చుకున్న రాష్ట్రం. అక్కడ దెబ్బతిన్న నేల పది శాతం లోపే. రాజస్థాన్, గుజరాత్, ఝార్ఖండ్‌లలో మాత్రం సగానికి పైగా నేల చెడినట్టు చూపించారు. రెండోది 2024లో ఐఐటీ ఢిల్లీ పరిశోధకులు ప్రచురించిన నేల కోత మ్యాప్. ఇందులో అస్సాంలోని బ్రహ్మపుత్ర లోయ, దాన్ని ఆనుకున్న మేఘాలయ దిగువ ప్రాంతం దేశంలోనే అతి తీవ్రంగా కోతకు గురయ్యే చోట్లు.

ఎవరి మాట నమ్మాలి? నిజానికి ఇద్దరూ తప్పు చెప్పలేదు. ఇద్దరూ వేసుకున్న ప్రశ్నలే వేరు. పేపర్లో వచ్చే 'దేశంలో ఇన్ని కోట్ల హెక్టార్లు నాశనం' తరహా హెడ్డింగుల వెనక ఏ ప్రశ్న ఉందో తెలియకపోతే ఆ అంకెతో చేయగలిగింది భయపడటం ఒక్కటే.

ముందు కొలత సంగతి. నేల కోతను హెక్టారుకు ఏడాదికి ఇన్ని టన్నులు అని చెబుతారు. 1983లో ధ్రువ నారాయణ, రామ్ బాబు అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దేశం మొత్తానికి మొదటిసారి ఒక అంచనా కట్టారు. ఏటా 533.4 కోట్ల టన్నుల మట్టి ఊడిపోతోందని, సగటున హెక్టారుకు 16.35 టన్నులని తేల్చారు. ఇప్పటికీ ప్రభుత్వ నివేదికల్లో, పోటీ పరీక్షల గైడ్లలో తిరుగుతున్నది ఈ అంకే. ఐఐటీ ఢిల్లీ కొత్త లెక్క ప్రకారం సగటు 21 టన్నులు.

వినడానికి చాలా పెద్దగా ఉంది కదా. ఒక హెక్టారు మీద ఒక్క మిల్లీమీటరు మందాన మట్టి గీకితే పది ఘన మీటర్లు వస్తుంది. ఘన మీటరు మట్టి సుమారు 1.4 టన్నుల బరువు. అంటే 14 టన్నులు. ఎకరం లెక్కన ఐదున్నర టన్నులు, దాదాపు రెండు ట్రాక్టర్ల లోడు. కాబట్టి 16 టన్నులు పోయిందంటే చేను పైపొర ఒక మిల్లీమీటరు చిల్లర పలచబడిందన్నమాట. రోజూ చేలో తిరిగే రైతుకు కూడా అది కనబడదు. పదేళ్లకో పదిహేనేళ్లకో 'ఈ మధ్య రాళ్లు బాగా తేలుతున్నాయి' అంటాడు. అప్పటికి సెంటీమీటరు పైగా పోయి ఉంటుంది. ఆ సెంటీమీటరు మళ్లీ తయారు కావడానికి మామూలుగా వందల ఏళ్లు పడుతుంది.

కంటికి కనబడనిదాన్ని దాదాపు 33 కోట్ల హెక్టార్ల దేశం మీద కొలవడం ఎలా? కొలవరు, లెక్క కడతారు. చర్చల్లో అందరూ మర్చిపోయేది ఈ తేడానే.

ఒక సెంటు నేల మీద పుట్టిన సూత్రం

అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసిన విష్‌మయర్, స్మిత్ 1965లో ఒక సమీకరణం ఇచ్చారు. పేరు సార్వత్రిక నేల నష్ట సమీకరణం, పొట్టిగా యూఎస్‌ఎల్‌ఈ. దానికి ఆధారం వాలు నేలల్లో కట్టిన చిన్న చిన్న పరీక్షా మడులు. ప్రామాణిక మడి పొడవు 72.6 అడుగులు, వాలు 9 శాతం. ఈ 72.6 అనే వింత అంకె ఎక్కడిదంటే, ఆరడుగుల వెడల్పుతో గుణిస్తే సరిగ్గా ఎకరంలో వందో వంతు వస్తుంది. మన లెక్కలో ఒక సెంటు. మడి దిగువన తొట్టి పెట్టి, ప్రతి వానకూ అందులోకి వచ్చిన బురదను తూకం వేశారు. అలా పోగైన సమాచారం పదివేల మడి-సంవత్సరాలకు పైమాటే. సమీకరణాన్ని తర్వాత సవరించి 1997లో కొత్త రూపం తెచ్చారు. ఈ రోజు చాలా దేశాల జాతీయ మ్యాపుల వెనక, ఐఐటీ ఢిల్లీ మ్యాప్ వెనక ఉన్నది ఆ సవరించిన రూపమే.

సూత్రం చూడటానికి చాలా తేలిక. వాన దెబ్బ, నేల స్వభావం, వాలు, పైన ఉన్న పచ్చదనం, గట్ల లాంటి రక్షణ పనులు: ఈ అయిదింటికీ అంకెలిచ్చి వరసగా గుణిస్తే టన్నులు వస్తాయి. ఒక్కో అంశానికి దేశమంతటా ఒక పొర తయారు చేసి, కంప్యూటర్లో ఒకదాని మీద ఒకటి పేర్చి, మ్యాపును చిన్న చిన్న చదరపు గడులుగా విడదీసి, గడిగడికీ గుణిస్తారు. చెప్పినంత సేపు పట్టదు. ఇబ్బందంతా ఆ పొరల్లోనే.

వాన సంగతి చూడండి. నేలను కోసేది మొత్తం వర్షపాతం కాదు, దాని జోరు. వారం పాటు ముసురు పట్టి వంద మిల్లీమీటర్లు పడితే నేల తాగేస్తుంది. అదే వంద మిల్లీమీటర్లు గంటన్నరలో కుమ్మరిస్తే చినుకు దెబ్బకే మట్టి గడ్డలు చితికి, ఆ మట్టి నీటితో పాటు కొట్టుకుపోతుంది. అందుకే సూత్రంలో వాన చినుకుల శక్తిని, ఆ వానలో అతి జోరుగా కురిసిన అరగంటను కలిపి లెక్కిస్తారు. చిక్కేమిటంటే మన దగ్గర ఎక్కువ చోట్ల దీర్ఘకాలంగా ఉన్నది పొద్దున 8.30కి ఒకసారి తీసిన రోజువారీ కొలత. అరగంట లెక్క దొరకదు. పరిశోధకులు ఉపగ్రహాల, వాతావరణ నమూనాల గంటవారీ సమాచారంతో ఈ లోటు పూడ్చుకుంటారు. ఐఐటీ ఢిల్లీ బృందం కోత మ్యాప్ కంటే ముందు దేశానికంతటికీ వాన దెబ్బ లెక్కను విడిగా తయారు చేసింది అందుకే. మేఘాలయ తూర్పు ఖాసీ కొండల్లో ఒకచోట ఈ సూచిక 23,900 దాటింది. లద్దాఖ్‌లో ఒక పర్వతం మీద ఎనిమిది మాత్రమే. ఒకే దేశంలో ఇంత తేడా ఉంటే, మొదటి పేరాలో చూసిన అస్సాం చిక్కు సగం అక్కడే విడిపోతుంది. గుణకారంలో ఒక అంకె అంత పెద్దదైతే, మిగతావి మరీ చిన్నవైతే తప్ప జవాబు పెద్దదే అవుతుంది.

నేల స్వభావం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఇసుక రేణువు బరువు, అంత సులభంగా కదలదు. బంకమట్టి ఒకదాన్నొకటి అతుక్కుని ఉంటుంది. ఈ రెండింటికీ మధ్యలో, బరువూ లేక బంకా లేక ఉండే మెత్తటి ఒండ్రు రేణువే అన్నింటికంటే ముందు పోతుంది. మన నల్లరేగడి ఒకసారి తడిసి ఉబ్బితే నీటిని లోపలికి పోనివ్వదు, అందుకే పైన పారుదల ఎక్కువ. ఎర్ర నేలలు వానకు పైన పెచ్చు కట్టి అదే పని చేస్తాయి.

వాలు లెక్క ఉపగ్రహాలు కొలిచిన ఎత్తుల నుంచి వస్తుంది. ఎక్కువగా వాడే ఒక రకం ఎత్తుల సమాచారంలో గడి 90 మీటర్లు, అంటే సుమారు రెండెకరాల చేను. ఆ చేనులో ఎగువన మిట్ట, దిగువన పల్లం ఉన్నా మ్యాప్‌కు అదంతా ఒకే ఎత్తు. ఐఐటీ ఢిల్లీ తుది మ్యాప్‌లో గడి 250 మీటర్లు, అంటే 15 ఎకరాల పైచిలుకు. తెలుగు రాష్ట్రాల్లో సగటు కమతం రెండున్నర ఎకరాలు. ఒక్క గడిలో ఆరుగురు రైతులు సర్దుకోవాలి. అందులో ఒకరు గట్లు వేసుకుని, పక్కవాళ్లు బీడు పెట్టి ఉండొచ్చు. ఇది తప్పు పట్టడం కాదు. దేశస్థాయి పనికి 250 మీటర్లు చాలా మెరుగైన వివరమే. కానీ ఆ మ్యాప్ పట్టుకుని 'మా సర్వే నంబరులో ఎంత పోతోంది' అని వెతకకూడదు.

మబ్బు కింద జరిగేది

నా దృష్టిలో ఈ మొత్తం పద్ధతిలో అన్నిటికంటే బలహీనమైన చోటు పచ్చదనం, రక్షణ పనుల లెక్క. పచ్చదనాన్ని ఉపగ్రహ చిత్రాల నుంచి తీస్తారు. పూర్తిగా దున్ని ఖాళీగా వదిలిన నేలకు ఒకటి, దట్టమైన అడవికి సున్నాకు దగ్గరగా ఉండే అంకె, పంట చేలకు మధ్యలో ఏదో ఒకటి ఇస్తారు. అయితే మన దేశంలో కోత జరిగేది జూన్ నుంచి సెప్టెంబరు దాకా. ముఖ్యంగా మొదటి వానల్లో, దుక్కి దున్ని విత్తనం వేసి, నేల మీద ఇంకా ఆకు పరుచుకోని రోజుల్లో. సరిగ్గా అప్పుడే ఆకాశమంతా మబ్బు. చిత్రం సరిగా రాదు. అక్టోబరులో మబ్బులు విడిపోయాక తీసిన చిత్రంలో చేలన్నీ పచ్చగా నిండుగా కనిపిస్తాయి. మ్యాప్ ఆ పచ్చదనాన్ని చూసి, జూన్‌లో జరిగిన నష్టాన్ని తగ్గించి రాస్తుంది. మెట్ట ప్రాంతాల్లో ఏడాది కోతలో పెద్ద వాటా రెండు మూడు జోరు వానల్లోనే జరిగిపోతుంది. ఆ రోజు చేలో ఏముందన్నదే అసలు ప్రశ్న. మబ్బుల్లోంచి చూడగల రాడార్ ఉపగ్రహాలు వచ్చాయి. ఇకనైనా నెలవారీ లెక్కలు కట్టకపోతే తప్పు లెక్క కట్టేవాళ్లదే.

రక్షణ పనుల సంగతి ఇంకా విచిత్రం. కాంటూరు గట్లు, రాతి కట్టలు, వాలుకు అడ్డంగా సాళ్లు: ఇవి ఉంటే కోత సగానికి సగం తగ్గొచ్చు. కానీ అడుగున్నర గట్టు 250 మీటర్ల గడిలో కనబడదు. దేశమంతటి సమాచారం లేనప్పుడు పరిశోధకులు సాధారణంగా ఈ అంశానికి ఒకటి వేసి ఊరుకుంటారు. అంటే ఎవరూ ఏ గట్టూ కట్టలేదనుకోవడమే. అందుకే ఇలాంటి అధ్యయనాలు 'పోయే అవకాశం ఉన్న మట్టి' అంటాయి, 'పోయిన మట్టి' అనవు. పేపర్లోకి వచ్చేసరికి ఆ 'అవకాశం' ఎగిరిపోతుంది.

పైగా ఇది గుణకారం. అయిదు అంశాల్లోనూ 20 శాతం ఎక్కువ వేశారనుకుందాం. పెద్ద పొరపాటేమీ కాదు. కానీ అయిదూ గుణిస్తే జవాబు రెండున్నర రెట్లవుతుంది. అన్నీ 20 శాతం తక్కువైతే మూడో వంతుకు పడిపోతుంది. నిజంగా పది టన్నులు పోయేచోట మ్యాప్ 25 చూపొచ్చు, మూడూ చూపొచ్చు. కాబట్టి అలాంటి మ్యాప్‌లో 'ఇక్కడి కంటే అక్కడ ఎక్కువ' అన్నది నమ్మొచ్చు. 'ఇక్కడ 21.4' అన్నదాన్ని నమ్మడానికి లేదు.

సూత్రానికి అసలు అందని నష్టాలు కూడా ఉన్నాయి. అది నీరు పలచగా పారుతూ పొరలా ఒలిచే కోతను, సన్నటి పాయలుగా చీల్చే కోతను మాత్రమే లెక్కిస్తుంది. చంబల్ లోయల్లోలా నేల నిట్టనిలువుగా చీలిపోయే గండ్లు, కొండచరియలు, ఏటి గట్లు విరిగి పడటం, గాలికి ఎగిరిపోయే ఇసుక ఇందులోకి రావు. బ్రహ్మపుత్ర, దాని ఉపనదులు గట్లు కోసుకుంటూ 1950ల నుంచి 4.27 లక్షల హెక్టార్లకు పైగా మింగేశాయని అస్సాం ప్రభుత్వ లెక్క. ఊళ్లకు ఊళ్లే పోయాయి. అస్సాంను అతి తీవ్రమని చూపించిన మ్యాప్‌లో కూడా ఆ నష్టం లేదు. మన అనంతపురం జిల్లా కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు వేదవతి ఏటి ఇసుక గాలికి చేల మీద పడుతుంది. అదీ ఇందులో లేదు.

ఇస్రో అట్లాస్ దారే వేరు. అక్కడ గుణకారం లేదు. ఉపగ్రహ చిత్రాన్ని నిపుణులు కళ్లతో చూసి, ఎక్కడ నేల చెడిన గుర్తులు కనిపిస్తే అక్కడ గీత గీస్తారు. గాలి కోత, చెట్టూచేమా తగ్గడం, చౌడు, నీరు నిలవడం, అన్నీ అందులోకి వస్తాయి. రాజస్థాన్ అంత ఎక్కువ చూపించడానికి గాలే కారణం. అస్సాం మీద ఎప్పుడూ పచ్చటి దుప్పటి ఉంటుంది కాబట్టి కంటికి గాయం తక్కువ కనబడుతుంది. తెలంగాణ సుమారు 31 శాతం, ఆంధ్రప్రదేశ్ సుమారు 14 శాతం క్షీణించాయని ఆ అట్లాస్ అంటే, దాన్ని పట్టుకుని మట్టి కోతలో ఎవరు ముందని రాష్ట్రాల మధ్య పందెం పెట్టడం అర్థం లేని పని. అది కోత ఒక్కదాని లెక్క కాదు.

ఇన్ని సంస్థలు, ఇన్ని నిర్వచనాలు ఉన్నాక అంకెలు కలవకపోవడంలో వింతేముంది? జాతీయ వ్యవసాయ కమిషన్ 1976లో పాడైన నేల 14.8 కోట్ల హెక్టార్లంది. నాగపూర్‌లోని జాతీయ నేలల సర్వే సంస్థ 1994లో 18.77 కోట్లంది, పదేళ్లకు దాన్నే సవరించి 14.68 కోట్లు చేసింది. 2010లో భారత వ్యవసాయ పరిశోధన మండలి, జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ కలిసి కూర్చుని, హెక్టారుకు పది టన్నులు దాటితేనే నీటి కోత కింద లెక్క అని ఒక హద్దు గీసి, మొత్తం 12.07 కోట్లన్నాయి. అందులో నీటి కోత వాటా 8.26 కోట్లు. 1994 నుంచి పదహారేళ్లలో 6.7 కోట్ల హెక్టార్లు బాగుపడిపోలేదు. హద్దు మారింది, అంతే. ఇది తెలియని వాళ్లు ఒక అంకెలోంచి మరోటి తీసేసి 'పథకాలు ఫలించాయి' అని రాసేయొచ్చు కూడా.

కిందికి పోయిన మట్టి ఎక్కడ చేరింది?

మ్యాప్‌ను పరీక్షించడానికి ఒక మంచి దారి డ్యాములు. తుంగభద్ర జలాశయం 1953లో 133 టీఎంసీలు. 2016 సర్వేలో 105.8 టీఎంసీలు. రాయలసీమ రైతుకు ఈ 27 టీఎంసీల తేడా ప్రతి ఏడాదీ కాలువ నీళ్ల దగ్గర తెలుస్తూనే ఉంటుంది. దాన్ని మట్టి భాషలోకి మార్చి చూద్దాం. టీఎంసీకి 2.83 కోట్ల ఘన మీటర్లు. మొత్తం 76 కోట్ల ఘన మీటర్ల పూడిక, అరవై చిల్లర ఏళ్లలో. ఏడాదికి 1.2 కోట్లు. డ్యాముకు ఎగువన నీటిని ఇచ్చే ప్రాంతం సుమారు 28 లక్షల హెక్టార్లు. భాగిస్తే హెక్టారుకు నాలుగు ఘన మీటర్ల పైన, అంటే దాదాపు ఆరు టన్నులు.

ఇది ముతక లెక్కే. ఎగువన భద్ర లాంటి డ్యాములు కొంత ఆపుతాయి, గేట్లలోంచి కొంత బురద కిందికి పోతుంది. అయినా 16 టన్నులకూ ఆరు టన్నులకూ మధ్య ఉన్న దూరం ఒక విషయం చెబుతుంది. చేలో ఊడిన మట్టంతా నదికి చేరదు. ధ్రువ నారాయణ, రామ్ బాబుల లెక్కలోనూ 29 శాతమే సముద్రం పాలు, 10 శాతం జలాశయాల్లో. మిగిలిన 61 శాతం ఒకచోటి నుంచి కదిలి మరోచోట పడుతుంది. ఎగువ చేను పైపొర పల్లపు చేలో, వాగు మలుపులో, చెరువు అడుగున చేరుతుంది. కాబట్టి 533 కోట్ల టన్నుల్ని 'దేశం పోగొట్టుకున్న మట్టి' అనడం సరికాదు. పోగొట్టుకున్నది ఎగువ రైతు. తెలంగాణలో 2015 నుంచి మిషన్ కాకతీయ కింద చెరువుల పూడిక తీసి పొలాలకు తోలినప్పుడు జరిగింది ఆ 61 శాతంలో కొంత వెనక్కి తెచ్చుకోవడమే. కాకపోతే కూలీ, డీజిల్ ఖర్చు అదనం.

టన్నులు ఎక్కువ పోయే చోటే నష్టం ఎక్కువని కూడా అనుకోకూడదు. లక్ష జీతగాడి జేబులోంచి వెయ్యి పోవడమూ, రోజు కూలీ జేబులోంచి పోవడమూ ఒకటి కాదు. గంగా మైదానంలో మీటర్ల లోతు ఒండ్రు ఉంది. సీమలో చాలా ఎర్ర చెల్కల్లో జానెడు లోతు దాటితే గరుసు. అందుకే మన శాస్త్రవేత్తలు నేల లోతు, నాణ్యత చూసి ఏ నేల ఏటా ఎంత నష్టం తట్టుకోగలదో లెక్క కట్టారు. హెక్టారుకు 2.5 నుంచి 12.5 టన్నుల దాకా అది మారుతుంది. అంతకు ముందు అమెరికా నుంచి తెచ్చుకున్న 11.2 టన్నులనే అన్ని నేలలకూ వాడేవాళ్లు. ఆ పాత కొలతతో చూస్తే ఏటా ఎనిమిది టన్నులు పోయే జానెడు లోతు ఎర్ర నేల 'సేఫ్'. కొత్త కొలతతో అది ప్రమాదంలో ఉంది. నన్నడిగితే పేపర్లో వేయాల్సిన మ్యాప్ కోతది కాదు, కోతలోంచి తట్టుకోగలిగింది తీసేసిన మిగులుది. నిధులు ఎక్కడికి పోవాలో అది చెబుతుంది. 

సరైన పని చేస్తే ఫలితం వస్తుందనడానికి హైదరాబాద్ పక్కనే సాక్ష్యం ఉంది. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన కేంద్రం ఇక్రిశాట్‌లో 1976 నుంచి నల్లరేగడి మీద రెండు పద్ధతుల్ని పక్కపక్కన నడిపారు. వానాకాలమంతా నేల ఖాళీగా ఉంచే పాత పద్ధతిలో హెక్టారుకు ఆరు టన్నుల పైన మట్టి పోయింది. వెడల్పాటి మళ్లు, మధ్య సాళ్లు చేసి వానాకాలమే పంట వేసినచోట ఒకటిన్నర టన్ను. వాన అదే, నేల అదే, వాలు అదే. మారింది చివరి రెండు అంశాలే: పచ్చదనం, రక్షణ పనులు. రైతు చేతిలో ఉన్నవి ఆ రెండే. జాతీయ మ్యాపులు అన్నిటికంటే సరిగా చూడలేకపోతున్నవీ ఆ రెండే.

ఈ లోటు తీర్చే సమాచారం కొంత ఇప్పటికే ఉంది. ఉపాధి హామీ పథకంలో కట్టిన గట్లు, కందకాలు, పంట కుంటలు కోట్ల సంఖ్యలో ఫొటోతో, అక్షాంశ రేఖాంశాలతో హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం నడిపే భువన్ పోర్టల్‌లో నమోదయ్యాయి. పని జరిగిందని చూపడానికి తీసిన ఫొటోలవి. వాటినే గడిగడికీ పేర్చి, దేశమంతటికీ 'ఒకటి' వేసి వదిలేసిన ఆ పొరను నిజం అంకెలతో నింపడం మొదలుపెట్టొచ్చు. అయితే ఫొటో తీసిన రోజున గట్టు ఉందనే అది చెబుతుంది. నాలుగు వానాకాలాల తర్వాత గండి పడిందో, ఎవరైనా దున్ని చదును చేసేశారో ఎవరో ఒకరు పొలానికి వెళ్లి చూసి రాయాలి. జాబితాలో ప్రతి గట్టూ చూడక్కర్లేదు. మండలానికి ఓ యాభై చూసినా, ఎన్నేళ్లకు ఎన్ని నిలుస్తున్నాయో లెక్క తేలుతుంది.